పుస్తకాల గదిలో పలికిన గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. రామసముద్రం పక్కన మా పల్లెలో మా పెద్దత్తకు ఏటా పూనకం వచ్చేది. ఊరంతా దండాలు పెడుతుంటే నేను మాత్రం ఆమె కాళ్ళనే చూస్తూ నిలబడేదాన్ని. కళ్ళు మూసుకుని ఊగుతూ కూడా ఒక్క ముల్లు తొక్కేది కాదు. ఆ మాట పైకి అన్నందుకు మా నాయన చేత దెబ్బలు తిన్నాను. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

కాబట్టి ఇది చదివి ఈమెకు కూడా పిచ్చి పట్టిందనుకునేవాళ్ళు అనుకోవచ్చు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను. అంతకుమించి నాకు చేతకాదు.

ఎనభైల మొదట్లో సంగతి. తిరుపతిలో లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్ కోర్సు చదివాను. పరీక్షలు పాసైనంత మాత్రాన సర్టిఫికెట్ చేతికి ఇవ్వరు. ఏదైనా లైబ్రరీలో మూడు నెలలు పనిచేసి, అక్కడి లైబ్రేరియన్ చేత ఈ పిల్ల పని నేర్చుకుంది అని రాయించుకు రావాలి. కుప్పంలో ఒక కాలేజీలో అసిస్టెంటు ఉద్యోగం ఖాళీ ఉందని అప్పటికే తెలిసింది. ఆ కాగితం ఉంటే అప్లికేషన్ పెట్టుకోవచ్చు. లేదంటే మల్బరీ తోటలో ఆకు కోసుకుంటూ పట్టుపురుగులకు మేత వేసుకుంటూ ఉండాలి. మా నాయన ఆ మూడు నెలల కంటే ఎక్కువ గడువు ఇచ్చే మనిషి కాదు.

నాకు దొరికిన చోటు మదనపల్లెలో ఒక చిత్రాల మ్యూజియం. పాత బంగళాలో ఒక ట్రస్టు నడిపేది. పేరు ఎందుకులెండి, ఇప్పుడు అది లేదు. ముందు హాళ్ళలో గోడల నిండా బొమ్మలు, వెనక వైపు లైబ్రరీ. చిత్రకళ పుస్తకాలు, శిల్పాల ఫోటోల సంపుటాలు, చీరల మీద అద్దకం వేసేవాళ్ళ నమూనాలు అతికించిన పెద్ద పెద్ద ఆల్బమ్‌లు. మూడు నెలలు ఎట్లాగో గడిపేసి కాగితం తీసుకుని పరుగెత్తాలని నా ఆలోచన.

లైబ్రేరియన్ పేరు నాగరత్నమ్మ. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు.

మొదటి రోజే "తిరపతిలో ఏం నేర్పిచ్చినారు?" అని అడిగింది. నేను పుస్తకాల వర్గీకరణ గురించి, విషయాన్ని బట్టి వేసే దశాంశ నంబర్ల గురించి ఉత్సాహంగా అరగంట చెప్పాను. అంతా విని, "ఈడ అవేం లేవు పాపా. వచ్చిన వరసలో నంబరు, నంబరు వరసలో పుస్తకం. పోయి చేతులు కడుక్కోని రా" అంది.

ఆ మొదటి నెల నాకు నరకమే. పుస్తకం పట్టుకునే ముందు చేతులు కడగాలి, తుడవాలి, ఆరే దాకా నిలబడాలి. ఒక్కో పేజీ తిప్పి పురుగు పట్టిందేమో చూడాలి. నాకేమో ఒక చోట కుదురు లేదు. కుర్చీలో కూర్చుంటే కాలు ఊగుతూనే ఉంటుంది. "కాలు ఊపద్దు, టేబులు కదుల్తాది" అని రోజుకు పదిసార్లు అనేది. గోడ మీద క్యాలెండరు చూస్తే, "దినాలు నువ్వు సూస్తే పోవు, అవే పోతాయి" అనేది. ఆమెను తలచుకుంటే సాయంత్రాలు నేను ఉండే మా చిన్నమ్మ ఇంట్లో అన్నం కూడా సహించేది కాదు.

అట్లాంటి మనిషి మీద నాకు ఎప్పుడు ఇష్టం కలిగిందో చెప్పలేను. ఒకరోజు ఎవరో పెద్దమనిషి కారులో వచ్చి, ఒక ఆల్బమ్ రెండు రోజులు ఇంటికి ఇమ్మని అడిగాడు. ట్రస్టు వాళ్ళ చుట్టం. కుదరదంది. ఆయన గొంతు పెంచాడు. ఈమె గొంతు పెంచలేదు, కుర్చీ మాత్రం చూపించింది, ఇక్కడే కూర్చుని చూడండని. ఆయన విసవిసా వెళ్ళిపోయాక ఏమీ జరగనట్టు మళ్ళీ జిగురు డబ్బా మూత తీసింది. ఆ రోజు నుంచి ఆమె తిట్టినా నాకు కోపం రావడం తగ్గింది.

రెండో నెలలో పుస్తకాల తనిఖీ వచ్చింది. ట్రస్టు సెక్రటరీ స్వయంగా వచ్చి మా ఇద్దరి ముందే చెప్పాడు. అంతకుముందు ఏడాది తనిఖీలో నాలుగు పుస్తకాలు తగ్గాయి. ఈసారి ఒక్కటి తగ్గినా లైబ్రేరియన్‌ను మార్చడం తప్ప వేరే దారి లేదన్నాడు. ఆమె "సరే సార్" అంది. ఆయన వెళ్ళాక నేను ఆమె ముఖం చూశాను. అంత పాలిపోతుందని అనుకోలేదు. ఆమెకు ఆ బంగళా తప్ప వేరే లోకం లేదు. ఆ ఉద్యోగం పోతే పుంగనూరులో గోడలు చూస్తూ కూర్చోవాలి.

తనిఖీ ఎట్లా చేస్తారో కాస్త చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా అందులోనే ఉంది.

పుస్తకాల గది లోపల. దానికి ఒకటే తలుపు. ఆ తలుపుకు ఎదురుగా, బయట చదువుకునే గదిలో, నేను రిజిస్టరు ముందు కూర్చుంటాను. నంబరు గట్టిగా చదువుతాను. లోపల బీరువాల మధ్య ఉన్న ఆమె ఆ పుస్తకం మీద వేలు పెట్టి "ఉండాది" అంటుంది. అప్పుడు నేను ఇంకుతో టిక్కు పెడతాను. లేకపోతే "లేదు" అంటుంది, ఎర్ర సిరాతో సున్నా చుడతాను. లోపలి మనిషి బయటికి కనబడదు, బయటి మనిషి లోపలికి కనబడదు. చదివేవాళ్ళు వినకుండా రాయకూడదు, పలికేవాళ్ళు తాకకుండా పలకకూడదు. చెరపడం, దిద్దడం ఉండదు. తప్పు పడితే టిక్కు మీదే ఎర్ర సున్నా చుట్టి ఇద్దరూ సంతకం చేయాలి.

ఈ పనిలో అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. వంద నంబర్లు దాటేసరికి ఆ ఊపులో చెయ్యి దానంతట అదే టిక్కు పెట్టేస్తుంది, జవాబు రాకముందే. మొదటి రోజు నేనూ అదే చేశాను. ఒక నంబరు దగ్గర ఆమె కావాలనే మాట్లాడకుండా ఊరుకుంది. నేను టిక్కు పెట్టి తర్వాతి నంబరు చదివేశాను. బయటికి వచ్చి రిజిస్టరు చూసి, "నేను సెప్పకముందే టిక్కు యాల పెడతావు పాపా? ఇంగ నేను లోపల ఉండేది దేనికి?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత జవాబు చెవిన పడితే గాని కలం కాగితానికి ఆనించలేదు. ఇది గుర్తుంచుకోండి. నేను ఊపులో టిక్కులు పెట్టేశానని తర్వాత కొందరు అన్నారు. అది నిజం కాదు.

మూడు రోజుల్లో తొమ్మిది వందల దాకా వచ్చాం. మూడో రోజు సాయంత్రం బయల్దేరుతూ ఆమె చెప్పింది, "రేపు నేను నీకంటే ముందే వచ్చి లోపల ఉంటాను. నువ్వు వస్తానే కూసోని మొదలుపెట్టు. మాటల్తో టైము పోగొట్టొద్దు." నాకు నవ్వొచ్చింది. పొద్దున వచ్చి నమస్కారం చెప్పడం కూడా ఆమె లెక్కలో మాటలే.

మర్నాడు పది గంటలకు వెళ్ళాను. తాళాలు తీసేది తోటమాలి మునెప్ప. అన్నీ తీసి ఉన్నాయి. ఆయన బావి దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. పుస్తకాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. నేను కూర్చుని, సిరాబుడ్డి మూత తీసి, "తొమ్మిదివందల ఒకటి" అన్నాను.

"ఉండాది" అని లోపలి నుంచి వచ్చింది.

నాగరత్నమ్మ గొంతే. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. కాస్త బొంగురు, చివర కొంచెం తెగినట్టు ఉంటుంది. టిక్కు పెట్టాను.

అట్లా సాగింది. ఒక్కో నంబరుకూ మధ్య ఆమె వెతికేటంత సేపు పట్టేది. రెండు చోట్ల "బైండింగుకు పోయిండాది" అంది. అవి పక్కన రాసుకున్నాను. ఒక్కసారి "కాలు ఊపద్దు" అని కూడా అంది. నిజంగానే ఊపుతున్నాను. ఆపేశాను. ఆమెకు లోపలి నుంచి ఎట్లా కనబడిందని అప్పుడు తోచలేదు. టేబులు చప్పుడు వినబడి ఉంటుందనుకున్నాను.

అయినా ఆ ఉదయమంతా నాకు లోపల ఏదో కుదురు లేదు. ఎందుకో చెప్పలేను. దాహం వేసింది, లేచి వెళ్ళబుద్ధి కాలేదు. రెండుసార్లు వెనక్కి తిరిగి వీధి తలుపు వైపు చూశాను. సర్టిఫికెట్ గురించి బెంగ అనుకుని సరిపెట్టుకున్నాను.

పన్నెండు దాటింది. "పదకొండువందల నలభై ఏడు" అని చదివాను. చివరి మాట ఇంకా నా నోట్లో ఉండగానే "ఉండాది" అని జవాబు వచ్చేసింది. అప్పటిదాకా ఆమె ఏ నంబరుకూ అంత తొందరపడలేదు. ఒక్క క్షణం ఆగి, విన్నాను కదా అని టిక్కు పెట్టాను.

వెనక ఏదో నేల మీద పడిన చప్పుడైంది. తిరిగి చూశాను. వీధి తలుపు దగ్గర నాగరత్నమ్మ నిలబడి ఉంది. గొడుగు కింద పడి ఉంది. చీర కుచ్చిళ్ళ నిండా బస్సు దుమ్ము, భుజాన సంచి, చేతిలో ఇంకా టిక్కెట్టు.

నా బుర్ర ఎట్లాంటిదంటే, మొదట ఆమె ఎప్పుడు బయటికి వెళ్ళిందా అని ఆలోచించాను. ఆ గదికి ఒకటే తలుపు, అది నా కళ్ళ ముందే ఉంది. అది తట్టడానికి కాసేపు పట్టింది.

"లోపల ఎవురుండారు?" అంది, చాలా చిన్నగా.

"మీరే" అన్నాను.

ఇద్దరం కలిసి లోపలికి వెళ్ళాం. ఎవరూ లేరు. కిటికీకి ఇనుప చువ్వలు. నాఫ్తలీన్ వాసన తప్ప ఏమీ లేదు. ఎక్కి చూసే చిన్న స్టూలు ముందు రోజు సాయంత్రం తొమ్మిది వందల నంబర్ల దగ్గర నేనే వదిలాను. అది ఇప్పుడు పదకొండు వందల నంబర్ల బీరువా ముందు ఉంది. నాగరత్నమ్మ గదంతా వెతకలేదు. నేరుగా ఆ బీరువా దగ్గరికి వెళ్ళి ఒక్క చోటే చూస్తూ నిలబడింది.

మునెప్పను పిలిచి అడిగాను. "అమ్మ లోపలికి పొయ్యేది నేను సూడ్లేదు తల్లీ. కానీ ఇద్దురూ సదువుతాంటే మొక్కలకాడికి ఇనపడ్తానే ఉన్నిందే" అన్నాడు. నా ఒక్కదాని చెవులే అయితే ఈ సంగతి నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఆమె మంచినీళ్ళు కూడా తాగలేదు. "మళ్ళీ మొదటి నించి సదువు. టిక్కుల పక్కన సుక్క పెట్టుకో" అంది. మధ్యాహ్నమంతా మళ్ళీ తొమ్మిదివందల ఒకటి నుంచి చదివాను. ఈసారి లోపల ఉన్నది ఆమేనని నిమిషానికోసారి లేచి తొంగి చూశాను. నాకు భయం వేసింది, దాపరికం ఎందుకు. పొద్దున విన్న జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. బైండింగుకు పోయిన రెండూ నిజంగానే బైండింగుకు పోయాయి, చీటీలు ఆమె సొరుగులో ఉన్నాయి. ఆ సొరుగు తాళంచెవి ఆమె మెడలోని గొలుసుకు ఉంటుంది.

పదకొండువందల నలభై ఏడు దగ్గర జవాబు రాలేదు. పరీక్ష పెడుతోందేమో అనుకుని కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి, "లేదు పాపా. ఎర్ర సున్నా పెట్టు" అంది.

అది అద్దకం నమూనాల ఆల్బమ్. చేత్తో వేసిన రంగులు. అట్లాంటిది ఇంకొకటి లేదు.

నేను లేచి లోపలికి వెళ్ళాను. "అమ్మా, టిక్కు పడిపోయింది. నేను విన్నాకే పెట్టాను. మీరు మాట్లాడకండి, ఇట్లాగే సెక్రటరీ ముందు పెడదాం" అన్నాను. ఆ ఒక్క సున్నాతో ఆమె ఉద్యోగం పోతుందని ఇద్దరికీ తెలుసు. బతిమాలాను కూడా. జీవితంలో నేను బతిమాలింది తక్కువ.

"నువ్విన్న్యావు. నేను తాకలేదు" అంది. నేను కదలకపోతే తనే వచ్చి ఎర్ర సిరాతో నా టిక్కు చుట్టూ సున్నా చుట్టి సంతకం పెట్టింది.

శనివారం సెక్రటరీ వచ్చి ఆ గుర్తు చూసి, ఇదేమిటని నన్ను అడిగాడు. "ఉండాది అని విన్నాను సార్" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఎవరు చెప్పారన్నాడు. "ఆమె గొంతే" అన్నాను. అదీ అబద్ధం కాదు. ఆయన ఆమె వైపు తిరిగాడు. నేను ఊ అనమని కళ్ళతోనే సైగ చేశాను. "నేను సెప్పలేదు సార్. పుస్తకం లేదు. బాధ్యత నాదే" అంది.

నెలాఖరుకు ఆమెను పంపేశారు. వెళ్ళే రోజు నా కాగితం రాసి ఇచ్చింది. పని బాగా నేర్చుకుంది అని రాసింది, నా ముఖం వైపు చూడలేదు. నేను కృతజ్ఞతలు కూడా సరిగా చెప్పలేదు. చేతికి అందిన దాన్ని కాలదన్నుకున్న మనిషి మీద నాకు అంత కోపం. ఆ కోపం చాలా ఏళ్ళు పోలేదు.

కుప్పంలో ఉద్యోగం దొరికింది. నాలుగైదేళ్ళ తర్వాత ఒకరోజు ఉదయం, విద్యార్థులు ఇంకా రాకముందు, నాగరత్నమ్మ మా లైబ్రరీకి వచ్చింది. బాగా చిక్కిపోయింది. కుప్పంలో ఆమె చెల్లెలి ఇల్లు ఉందట, అక్కడికి వచ్చానంది. కాసేపు నా బీరువాలన్నీ చూసింది. తర్వాత నేను అడగకుండానే చెప్పింది.

ఆ ఆల్బమ్‌ను ఆమే తీసుకెళ్ళింది. చెల్లెలి కొడుకు బెంగళూరులో అద్దకం పనికి చేరడానికి నమూనాలు గీసుకుంటానంటే, వారం రోజులకని ఇచ్చింది. ఎవరికీ బయటికి ఇవ్వని మనిషి, సొంతబిడ్డలా పెంచుకున్నవాడికి కాదనలేకపోయింది. వాడు ఇదిగో అదిగో అని తిప్పుకున్నాడు. తనిఖీ ఆ నంబరు దగ్గరికి వస్తుండగా, ముందురోజు సాయంత్రం ఆఖరి బస్సులో కుప్పం వెళ్ళింది. తెచ్చి పొద్దున్నే నాకంటే ముందు బీరువాలో పెట్టేయాలని. అక్కడ వాడు మూట విప్పి చూపించాడు. మిద్దె కారి వానలో నానిపోయింది. రంగులన్నీ కలిసి ఒకటే ముద్ద.

"తెల్లారి బస్సెక్కినప్పటి నించి ఒకటే అనుకుంటా వచ్చినా పాపా. ఆ నంబరు సదవతానే ఉండాది అని సెప్పేయాల. పలమనేరులో టైరు మారస్తాంటే రోడ్డు పక్కన నిలబడి గూడా అదే పలుక్కుంటా ఉంటిని. నువ్వెట్లాగూ నన్ను నమ్ముతావు. టిక్కు పెట్టేస్తావు."

అప్పుడు అడిగాను. మరి మిగతా రెండువందల నలభై ఆరు నంబర్లు ఎవరు చెప్పినట్టు? అన్నీ నిజమే కదా, స్టూలు ఎవరు జరిపినట్టు?

"అది నాకేం తెలుసు" అంది.

నాకూ తెలియదు. తెలిసిన డాక్టరును అడిగాను, మా కాలేజీలో సైన్సు చెప్పేవాళ్ళను అడిగాను. భ్రమ అన్నారు. ఇద్దరికి ఒకే భ్రమ, తోటలో మూడో మనిషికి కూడా అదే భ్రమ, అందులో చీటీలతో సహా సరిపోయే జవాబులు. దయ్యం అందామంటే ఆ గొంతు మనిషి బతికే ఉంది, పలమనేరు రోడ్డు మీద ఉంది. పైగా నేను దయ్యాలను నమ్మను. అది ఆమెను కాపాడటానికి వచ్చిందో, ముంచడానికి వచ్చిందో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

వెళ్ళబోతూ ఆమె కౌంటరు దగ్గర ఆగింది. ఆ రోజు భయపడి ఒప్పేసుకున్నారా అని అడిగాను.

"దయ్యమని భయపడలేదు పాపా," అంది. "తలుపుకాడ నిలబడి ఇన్న్యాను గదా. ఇరవై ఏండ్లు ఆ గదిలో నిజం సెప్పిన గొంతుకీ, ఆ అబద్ధం సెప్పిన గొంతుకీ రవ్వంత తేడా లేదు. నాకే తెలీలేదు."